గాజుతొట్టిలో చెఱువు

భాగవతము అష్టమస్కంధములోని మత్స్యావతార కథ మన సోదరీమణులలో వినని వారుండరు. సత్యవ్రతుడను రాజు కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా దోసిటిలోనికి వచ్చిన చిఱుచేపను జాలిగొని కమండలువున నుంచెను. తెల్లవాఱునప్పటికి దానికి కమండలువు చాలదయ్యెను. కడవలో నుంచిన కడవ చాలలేదు, కొలనులో విడిచిన కొలను చాలలేదు. తుదకు సముద్రమునకే కొనిపోవలసి వచ్చెను. మా చిన్నవాడు 2019లో ఖమ్మమునందు గాజుబుడ్డితో సహా కొనితెచ్చుకొన్న రెండంగుళముల చేపపిల్లలను చూచిననాడు మాకీ కథ స్ఫురింపలేదు. స్ఫురించి యుండిన నీ వ్యాసము వ్రాయవలసిన పని యుండెడిది కాదు.

ఆ పిల్లలు ఆఱు. వానిలో నాలుగు బంగారుచేపలనియు, రెండు జపాను దేశపు కోయి జాతివనియు, కోయి యనునది రెండడుగులకు పైగా పెరుగుననియు మాకు తరువాత తెలిసినది. గాజుబుడ్డి నెలదినములకే చాలదయ్యెను. రెండడుగుల తొట్టి యేడాదికి ఇఱుకయ్యెను. అందులో నెఱ్ఱని కోయికి మావారు మత్స్యమూర్తి యని పేరు పెట్టగా, పిల్లలు దానిని మూర్తిగారు చేసిరి. ఈ మూర్తిగారి కొఱకే 2021లో, ఖమ్మమున నొక హోటలువారు వ్యాపారము మానుకొనుచు తమ ముందుగదిలోని పెద్ద గాజుతొట్టిని చౌకగా నమ్ముచుండగా, కొని మా యడవి యంచు పల్లెకు వ్యానుమీద తెప్పించితిమి. ఆఱడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల యెత్తు. ఘనపుటడుగునకు 28 లీటర్ల చొప్పున 840 లీటర్లు పట్టును. అంచువఱకు నింపము గనుక 800 లీటర్లనుకొనవచ్చును. నీరొక్కటే 800 కిలోల బరువు. గాజును, గులకరాళ్లను కలుపుకొన్న టన్నునకు చేరువయగును. ఇట్టిదానిని చెక్కబల్లలపైనను, మేడగదులలోను తొందరపడి పెట్టరాదు. మేము నేలమీద సిమెంటు దిమ్మె కట్టించి, మట్టము చూపించి, పైన థర్మోకోలు పలక పఱచి తొట్టిని నిలిపితిమి.

తొట్టితో వచ్చిన వడపోత యంత్రము పాడైయుండెను. అంత నీటికి తగిన అక్వేరియపు వడపోత క్రొత్తది కొనవలెనన్న, దాని వెల విని నివ్వెఱపోతిమి. ఆ దుకాణముననే మూలనున్న నల్లని పెట్టె యొకటి మా కంటబడినది. తోటలలోని తామరకొలనులకు, కోయి కొలనులకు నమర్చునది. దాని వెల సగమునకు తక్కువ. "ఇది బయట చెరువులకు పెట్టేదమ్మా, ఇంట్లో గాజుతొట్టికి ఎవరూ పెట్టుకోరు" అని దుకాణదారు చెప్పెను. ఎందుకు పెట్టుకొనరని యడిగితిమి. అది యాయనకును తెలియదు. తెలియని కారణమునకు వెఱచి రెట్టింపు వెల యిచ్చుట మాకు నచ్చలేదు.

పెద్దపేరేగాని దానిలోని సామగ్రి స్వల్పము. నీట మునిగి పనిచేయు పంపు ఒకటి, మూతగల పెట్టె యొకటి, గొట్టములు. పంపు తొట్టిలోని నీటిని తోడి పెట్టెలోనికి పంపును. పెట్టెలో పైన ముతక స్పాంజి, దాని క్రింద సన్న స్పాంజి, అడుగున గాడులు, రంధ్రములుగల ప్లాస్టికు బిళ్లలు పొరలుపొరలుగా నుండును. వానిగుండ దిగిన నీరు లావాటి గొట్టమున మరల తొట్టిలో పడును. ఇట్టి పెట్టెలలో రెండు రకములు కలవు. మూత బిగించి లోని యొత్తిడితో నడచు డ్రమ్ము ఒకటి. దానిని తొట్టికి దిగువనైన నుంచవచ్చును. రెండవదానిలో నీరు తనంత తాను జాఱి వచ్చును. అది తప్పక తొట్టి నీటిమట్టమునకు పైన నుండవలెను, లేకున్న నీరు తొట్టిలోనికి గాక వాకిటిలోనికి వచ్చును. చెఱువుగట్టున నీ చిక్కు లేదు. గట్టెప్పుడును నీటికి పైనే కదా. ఇంటిలో నా గట్టును మనమే కల్పింపవలెను. మేము రెండవ రకమునే తీసికొని, తొట్టి వెనుక ఇనుప కోణములతో బల్ల కట్టించి దానిపై నిలిపితిమి. అదియే మంచిదైనదని పిమ్మట తెలిసినది.

పంపు డబ్బాపై గంటకు 3000 లీటర్లని పెద్దయక్షరములలో నుండెను. ఆ లెక్క నీటిని పైకెత్తనక్కఱ లేనప్పటిది. ఎత్తిన కొలదియు తగ్గుచు, రెండున్నర మీటర్ల యెత్తున బొట్టయినను రాదని యదే డబ్బాపై చిన్నయక్షరములలో నుండెను. వస్తువులు కొనునప్పుడు చిన్నయక్షరములనే ముందుగా చదువుట మేలు. మేము గడియారము దగ్గఱ పెట్టుకొని, నీరు పడు గొట్టము క్రింద 15 లీటర్ల బకెట్టు నుంచి చూచితిమి. 30 సెకండ్లలో నిండెను. అనగా గంటకు 1800 లీటర్లు. తొట్టినీరంతయు గంటకు రెండుమార్లకు పైగా చుట్టివచ్చుచున్నది. కోయి వంటి తిండిపోతులకు అంత కావలసినదే.

అయినను చెఱువు సామాను ఇంటిలో నిమిడించుటలో కొన్ని చిక్కులు లేకపోలేదు. మొదటిరోజున నీరు ఏటిజాలువలె నొకమూల పడగా, బంగారుచేపలు గాలికి రాలిన యాకులవలె నెదుటిగోడకు కొట్టుకొనిపోయినవి. గొట్టము కొనను మూసి, దాని పొడవున వరుసగా రంధ్రములు వేయించి, జల్లుగా పడునట్లు చేసితిమి. దానివలన నీటికి గాలి సోకుటయు నెక్కువయ్యెను. చెఱువు స్పాంజి ముతకది. నలుసులు దానిగుండ పోవుచుండెను. కొలనులో నలుసు లెవరికిని కనబడవు, గాజుతొట్టిలో దీపము వేయగానే కనబడును. అందుకు పైన నొక పొర తెల్లని పాలిస్టరు దూది వేసితిమి. ఆ దూదిని వారమువారము మార్చుచున్నాము.

గొట్టము జాఱిన నేమగునో యాలోచింపక పంపును తొట్టియడుగున నుంచితిమి. ఒకనాటి రాత్రి పెట్టెకడ బిగింపు వదులై గొట్టము జాఱెను. చెఱువుగట్టున నీరు చెఱువులోనికే తిరిగి పోవును. మా యింట బియ్యపు బస్తాల క్రిందికి పోయెను. చప్పుడునకు మెలకువ వచ్చి లేచినందున చేపలు దక్కినవి. నాటినుండి పంపును ఎనిమిదంగుళముల యెత్తున ఇటుకలపై నుంచితిమి. ఎంత కాఱినను చేపలకు ఎనిమిదంగుళముల నీరు మిగులును. స్పాంజి పూడుకొనిపోయి పెట్టె పొంగు నపాయము వేఱుగా నున్నది. దానికి పెట్టె పైయంచున నొక రంధ్రము చేయించి, అచ్చటినుండి మఱియొక గొట్టమును నేరుగా తొట్టిలోనికి విడిచితిమి. కరెంటు తీగను ప్లగ్గువద్దకు పోకముందు క్రిందికి వంపు పెట్టి పైకి కొనిపోవలెను. తీగవెంట జాఱు నీటిబొట్టు ఆ వంపున నేల రాలునుగాని ప్లగ్గులోనికి పోదు. ఎర్త్ లీకేజి బ్రేకరు లేని యింటిలో నీటిపంపును పెట్టనే కూడదు. పంపు 40 వాట్లది. రేయింబవళ్లు నడచిన నెలకు 29 యూనిట్లు. మా వంటింటిలో వృథాగా వెలుగు దీపములను కట్టడి చేసి యా లెక్క సరిపెట్టుకొంటిమి.

మూడువారములకు నీరు స్ఫటికమువలె తేరినది. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి, తొట్టిలో నీరున్నదా లేదా యని వ్రేలు ముంచి చూచుచుండిరి. మాకు గర్వము కలుగుట సహజమే. గోదావరి యొడ్డు పల్లెలలో వఱదకాలపు బురదనీటిని బిందెలో పోసి, చిల్లగింజ నరగదీసి కలిపి తేర్చుకొనుట పూర్వమునుండి యెఱిగిన పద్ధతి. మనుస్మృతి ఆఱవ యధ్యాయమునందు సయితము ఆ కతకఫలము ప్రసక్తి కలదు. తేరిన నీరే మంచినీరని తరతరములుగా మనస్సున నాటుకొనియున్నది. చేపల విషయమున నా నమ్మకమే మమ్ము మోసగించినది.

2022 ఫిబ్రవరిలో నొక యాదివారము పెట్టె మూత తెఱచి చూచితిమి. స్పాంజిలు, బిళ్లలు గోధుమరంగు జిగురుతో నసహ్యముగా నుండెను. అంట్లగిన్నె యట్లుండిన మనము సహింతుమా? అన్నిటిని కుళాయి క్రింద వేసి, వేడినీటితో నొకమాఱు, చన్నీటితో రెండుమార్లు కడిగి, డాబాపై దినమంతయు ఎండవేసి, సాయంకాలము తెల్లగా మెఱయుచుండగా మరల నమర్చితిమి. ఆ రాత్రి పని చక్కబెట్టితిమను తృప్తితో నిద్రించితిమి.

మూడవనాటి యుదయమున చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి గాలికి కొట్టుకొనుచుండెను. మొప్పలు కందిపోయినవి. నీరు మాత్రమద్దమే! వ్యాధియనుకొని ఉప్పు వేసితిమి, మేత యెక్కువ వేసి చూచితిమి. మధ్యాహ్నమునకు తెల్లని కోయియు, రెండు బంగారుచేపలును మరణించినవి. చిన్నవాడు నాడు బడికి పోలేదు, అన్నము ముట్టలేదు. "అమ్మా, నీళ్లు ఇంత బాగున్నాయి కదా, ఎందుకు చచ్చిపోయాయి?" అని పలుమాఱులడిగెను. మాయొద్ద సమాధానము లేకుండెను. మావారు కోపపడలేదు. కోపపడియున్న కొంత తేలికగా నుండెడిదేమో!

సాయంకాలము వారి పాఠశాలలోని రసాయనశాస్త్రోపాధ్యాయులు వచ్చి, చిన్న గాజుగొట్టములో తొట్టినీరు తీసి, తాము తెచ్చిన మందుచుక్కలు వేసిరి. పసుపుగా నిలువవలసిన నీరు ముదురాకుపచ్చగా మాఱెను. అమ్మోనియా! "పెట్టెను కడిగితిరా?" యని వారు మొదట నడిగిన ప్రశ్న. కడిగితిమని చెప్పుటకు మాకు నోరు రాలేదు. అప్పటికప్పుడు సగము నీరు తీసివేయించి, డ్రమ్ములో నిలువయున్న నీటిని పోయించి, మేత పూర్తిగా మానిపించి మిగిలిన మూటిని దక్కించిరి. పదిదినములు ప్రతిదినమును కొంత నీరు మార్చితిమి.

వారు చెప్పినది మేము గ్రహించినంత వఱకు వ్రాయుచున్నాము. చేప తిన్న మాంసకృత్తులలోని నత్రజని యమ్మోనియాగా మాఱి మొప్పలగుండ నీటిలోనికి వచ్చును. మిగిలిపోయిన మేత కుళ్లినను అదియే పుట్టును. అమ్మోనియా నీటిలో కరగియున్నప్పుడు రంగు లేదు. ఆ కొలదిపాటికి వాసనయు తెలియదు. నీరు వెచ్చనైనకొలదియు, క్షారగుణ మెక్కువైనకొలదియు దాని విషము తీవ్రమగును. చెఱువునకు వడపోత యెవరు పెట్టినారు? ఎవరును పెట్టలేదు. చెఱువడుగు మట్టిలో, తుంగ మొదళ్లలో, ప్రతి రాతిపైని పాచిలో సూక్ష్మజీవులు నివసించుచున్నవి. వానిలో నైట్రోసోమోనాస్ మున్నగు జాతులవి యమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. చేప రక్తమును గోధుమరంగునకు త్రిప్పి ప్రాణవాయువును మోయనీయదు. నైట్రోస్పైరా మున్నగు మఱియొక తెగవి దానిని నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు చేపలకంతగా హానిచేయదు, మొక్కలకాహారము. ఈ జీవుల సంగతి నిరూపించినవాడు వినోగ్రాద్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు, 1890 ప్రాంతమున. అంతకు నలుబదియేండ్ల మున్నే వారింగ్టన్ అను లండను రసాయనజ్ఞుడు గాజుపాత్రలో చేపలతోపాటు నీటిమొక్కలను, నత్తలను నుంచి సమతూకము సాధింపవచ్చునని చూపియుండెను.

వారికన్న మున్ను గాజుతొట్టినే పరిశోధనకై నిర్మించినది స్త్రీ యని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషమును సోదరీమణులతో పంచుకొనకుండ నుండలేము. ఫ్రాన్సు దేశమునకు చెందిన ఝాన్ విల్ప్రో-పవర్ అనునామె మొదట దుస్తులు కుట్టు వృత్తిలో నుండి, పెండ్లియాడి సిసిలీ ద్వీపమునకు పోయి, స్వయముగా ప్రకృతిశాస్త్రము నేర్చుకొని, 1832లో గాజుతొట్టె లమర్చి సముద్రజీవులను బ్రదికియుండగనే పరిశీలించెను. ఆర్గోనాట్ అను మెత్తని ప్రాణి తన గుల్లను తానే నిర్మించుకొనుననియు, ఒరులది యపహరింపదనియు ఋజువు చేసినది ఆమెయే. పాఠశాలకు పోయి నేర్చిన విద్య కాదు. మన యిండ్లలో మూలనున్న కుట్టుమిషనులను చూచినప్పుడు మాకు తఱచుగా నామె జ్ఞప్తికి వచ్చుచుండును.

మరల పెట్టె సంగతికి వత్తము. ఆ గోధుమరంగు జిగురే సూక్ష్మజీవుల నివాసము. బిళ్లలకు గాడు లుండుట, స్పాంజికి రంధ్రము లుండుట మురికి పట్టుట కంటె వానికి చోటు కల్పించుట కొఱకే. చెఱువడుగున నెకరముల కొలది యుండు మట్టిని ఆ పెట్టెలో మడిచి పెట్టినట్లన్నమాట. మేము దానిని వేడినీటితో కడిగి యెండవేయుట, పెరుగు తోడుగిన్నెను తోమి బోర్లించి మఱునాడు పాలు తోడుకొనలేదని విచారించుట వంటిది. గృహిణికి తోడు విలువ తెలియనిదా? తెలిసియు చేసితిమి. శుభ్రత యను పేరున చేసితిమి.

ఈ తోడు పూర్తిగా నిలువద్రొక్కుకొనుటకు నాలుగు మొదలాఱు వారములు పట్టును. అందుచేత క్రొత్తతొట్టిలో నొకటి రెండు చేపలతో మొదలిడి, మేత చాల తక్కువగా వేయుచు పోవలెను. ఎవరి యింటనైన నారోగ్యముగా నడచుచున్న తొట్టి యున్నచో, వారి స్పాంజిని మన పెట్టెలో పిండించుకొన్న పని త్వరపడును. ఇప్పుడు మేము పెట్టె నెట్లు కడుగుచున్నామనగా, తొట్టిలోని నీటినే బకెట్టులో తీసికొని, ముతక స్పాంజిని మాత్రము రెండుమార్లు ముంచి పిండుచున్నాము. మఱునెల సన్న స్పాంజిని. రెంటిని ఒకేనాడు ముట్టము. బిళ్లల జోలికి నాటినుండి నేటివఱకు పోలేదు. కుళాయినీటిలోని క్లోరిను మనలను కాపాడుటకు వేసినదేగాని, మనకు చెఱుపు చేయు సూక్ష్మజీవులకును, మనకు కావలసినవానికిని భేద మెఱుగదు. కాబట్టి క్రొత్తగా పోయు నీటిని మూతలేని డ్రమ్ములో నొక దినమంతయు నిలువయుంచి పోయుచున్నాము. బోరునీటి నైనను అట్లే యుంచుట మంచిది. భూమిలోనుండి వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువ. చిన్న పెట్టె గలవారు బిళ్లలు దొరకకున్న అంట్లు తోము ప్లాస్టికు పీచును వాడవచ్చును, సబ్బు సోకని క్రొత్తదైయుండవలెనుగాని.

వారమునకు నూటయేబది లీటర్ల పాతనీరు తీయుచున్నాము. అది వృథా కాదు. వంగమొక్కలకు, మల్లెపొదకు, అరటికి పోయుచున్నాము. ఎరువు కొని రెండేండ్లు దాటినది. కూరగాయలు తినువారు నీచునీరని సంకోచింపనక్కఱలేదు. మా పొరుగింటి యత్తయ్యగారు మొదట ముక్కు మూసికొనిరి. ఇప్పుడు తమ తులసికోటకు తప్ప తక్కిన మొక్కలన్నిటికి అడిగి తీసికొని పోవుచున్నారు.

చెఱువు పెట్టెతో వచ్చు ఊదారంగు దీపము సంగతి చెప్పుట మఱచితిమి. దాని కాంతి సోకిన నీటిలో తేలు పచ్చని పాచికణములు నశించును. ఎండ తగులు కొలనునకు అది యవసరము; నీడనుండు తొట్టికి అంత యక్కఱలేదు. దీప మేడాది వెలిగిన పిదప కంటికి వెలుగు కనబడుచున్నను గుణము తగ్గిపోవును. పిల్లలు దానిని నేరుగా చూడకుండ కాపాడవలెను. మేము మూడునెలలకే తీసివైచితిమి. దానిని కొనుటకు పెట్టిన సొమ్ము మాత్రము వృథాయే.

2022 జూలై నెల మా ప్రాంతమున నెవరును మఱవలేరు. గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు; 1986లో 75 అడుగులు దాటిన పిమ్మట నంతటి వఱద యదే. మా పల్లె యేటికి దూరముగా మెరకనున్నందున నీరు రాలేదు. బంధువులు రెండు కుటుంబములవారు మా యింట తల దాచుకొనిరి. కరెంటు మాత్రము పోయెను. చీకటిలో పంపు చప్పుడు నిలిచిపోయినప్పుడే అది యింతకాలము మ్రోయుచుండెనని మాకు తెలిసినది.

పంపు నిలిచిన రెండాపదలు. నీటికి గాలి సోకదు. పెట్టెలోని సూక్ష్మజీవులకు ప్రాణవాయు వందదు. మూత బిగించిన డ్రమ్మయినచో కొన్ని గంటలలో లోపల నీరు కుళ్లి, కరెంటు రాగానే ఆ కుళ్లునీరు తొట్టిలోనికి దిగి యున్న చేపలను చంపును. అట్టి డ్రమ్ము గలవారు కరెంటు వచ్చిన వెంటనే గొట్టమును బయటకు త్రిప్పి, లోని నీరు పాఱబోసి, పిమ్మట తొట్టికి కలుపవలెను. మాది మూతపెట్టె గనుక తెఱచి, బిళ్లలను, స్పాంజిలను ఇడ్లీపాత్ర రేకులవలె చిల్లులున్న ప్లాస్టికు తట్టలోనికి మార్చి, ఆ తట్టను తొట్టిపై నడ్డుకఱ్ఱల మీద నిలిపితిమి. తొట్టినీటిని చెంబుతో ముంచి ఎత్తునుండి తట్టలో పోయుట. నీరు బిళ్లలను తడుపుచు జల్లుగా తొట్టిలో పడును. పంపు చేయు పనియే, చేతితో.

అరగంట కొకమాఱు నూఱు చెంబులు. రాత్రి మావారొక జాము, మేమొక జాము, వఱదకు వచ్చిన బంధువులలో కాలేజీ చదువు పిల్ల యొక జాము. ఇల్లు మునిగినవారిని చెంబు పట్టుమనుటకు మాకు సిగ్గువేసినది. ఆ పిల్ల తల్లి, "ఏదో ఒక పని ఉంటే మనసు అటు పోకుండా ఉంటుందిలే వదినా" అని తానే చెంబు తీసికొనెను. రెండు రాత్రులును ఒక పగలును అట్లు గడిచినవి. మేత వేయలేదు, ఆరోగ్యముగా నున్న చేప వారముదినములు మేత లేకున్నను బ్రదుకును. మన కొఱ్ఱమీనయినచో నింత శ్రమ లేదు, అది నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకొనగలదు. తెలంగాణమునకు దానిని రాష్ట్రమత్స్యముగా నెన్నుకొన్నది తగియున్నది. కోయికి, బంగారుచేపకు నట్టి యవయవము లేదు. కరెంటు వచ్చిన మఱునాడు మందుచుక్కలు వేసి చూచితిమి. నీరు పసుపుగానే నిలిచెను. మూడు చేపలును బ్రదికినవి.

వేసవిది మఱియొక బాధ. మే నెలలో మా ప్రాంతమున వేడి 45 డిగ్రీలకు పోవుట యరుదు కాదు. 20 డిగ్రీల నీరు లీటరునకు 9 మిల్లిగ్రాముల ప్రాణవాయువును పట్టగలిగినచో, 30 డిగ్రీల నీరు ఏడున్నరయే పట్టును. అందుపై నీట మునిగిన పంపు తన వేడిని గూడ నీటికే యిచ్చును. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టి, తొట్టి మూత తీసి వలగుడ్డ కప్పి, నీటిపై పంకా తిరుగునట్లు చేయుచున్నాము. మంచుగడ్డలు వేయుమని కొందరందురు. వేయరాదు, ఒక్కసారిగా చల్లబడుట వేడికన్న నపాయకరము.

తొట్టి చాలని చేపలను గోదావరిలో విడిచి పుణ్యము కట్టుకొనుడని మాకు సలహా చెప్పినవారు పలువురు కలరు. సత్యవ్రతుని కథ విన్న మనకది ధర్మముగనే తోచును. కాని పాచి తినునని గాజుతొట్టెలకై యమ్ము సక్కరు చేపను ఇట్లే పుణ్యాత్ములు చెఱువులలో విడువగా, నది ఆంధ్ర తెలంగాణ దేశముల జలాశయములలో వ్యాపించి, తన ముండ్ల రెక్కలతో జాలరుల వలలు చించుచు, దయ్యపుచేప యని పేరు తెచ్చుకొన్నది. అది పుట్టిన దేశము దక్షిణ అమెరికా. మన యేటిలో దానిని తినువారును లేరు, తఱుమువారును లేరు. కోయియు పరదేశపు చేపయే.

మూర్తిగా రిప్పుడు పదునెనిమిదంగుళములు. ఆఱడుగుల తొట్టిలో మలుపు తిరుగుటకు మూడుమార్లు తోక వంచవలసి వచ్చుచున్నది. పెరటిలో పదియడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతున సిమెంటు కుంట కట్టింప నిశ్చయించితిమి. ఇంచుమించు 6700 లీటర్లు పట్టును. ఈ నల్లపెట్టె యొకటే దానికి చాలదు, ఇంకొకటి చేర్చవలెను. క్రొత్త పెట్టెలో పాత బిళ్లలు సగము వేసి తోడు పెట్టుదుము. క్రొత్త సిమెంటు క్షారము నీటిలోనికి దిగును గనుక, కుంటను మూడు నాలుగు మార్లు నింపి యొంపిన పిమ్మటనేగాని చేపను విడువరాదు. మేస్త్రి సోమవారము వత్తునన్నాడు. ఖాళీయగు గాజుతొట్టిలో నేమేమి పెంచవలెనో చిన్నవాడప్పుడే జాబితా వ్రాసి మావారి బల్లపై పెట్టినాడు. మేమింకను చదువలేదు.